లాక్టోమీటరు చెప్పు సాక్ష్యము

సిద్దిపేట ప్రాంతపు పల్లెలలో పాలకేంద్రము కడ రైతు తెచ్చిన పాలలో ఒక గాజుగొట్టమును తేలవిడుతురు. దాని అంకె తగ్గినచో నీళ్లు కలిపినాడను నింద రైతుపై బడును. ఆ గొట్టమే లాక్టోమీటరు. అది యేమి చెప్పునో, యేమి చెప్పజాలదో యెఱుగుట మేలు.

బావిలో నిండు బిందె నీటిలో నున్నంతవఱకు తేలికగా దోచును. పైకి రాగానే బరువెక్కును. నీరు దానిని పైకెత్తుచుండుటయే కారణము. ఈ ధర్మమును ఆర్కిమిడీసు క్రీ.పూ. 3వ శతాబ్దిలో వివరించెను. తేలెడు వస్తువు తన బరువునకు సరిపడు ద్రవమును తొలగించును. ద్రవము బరువైనదైనచో కొంచెము తొలగినను చాలును. కావున గొట్టము పైకి నిలుచును. తేలికయైనచో లోనికి దిగును. నీటి సాంద్రత 1 అనుకొన్నచో మంచి పాలది ఇంచుమించు 1.028 మొదలు 1.032 వఱకు నుండును. గొట్టముపై వీనినే 28, 32 అని గుర్తింతురు. నీళ్లు కలిసినకొలది అంకె తగ్గును.

అయినను రెండు చిక్కులు కలవు. పాలలోని కొవ్వు నీటికన్న తేలిక. మీగడ తీసినచో అంకె పెరుగును. పిదప నీళ్లు పోసినచో మరల సరియగును! ఇట్లు దోషి తప్పించుకొనును. అప్పుడే పిదికిన వెచ్చని పాలలో అంకె తక్కువగా గనబడును. ఇట్లు నిర్దోషి చిక్కుపడును.

కావున పాలను కొంతతడవు నిలిపి, గొట్టమునకు నిర్ణయించిన ఉష్ణోగ్రతకు దెచ్చి, నురుగు తీసి, మెల్లగ కలిపి చూడవలెను. వెన్నశాతమును వేఱుగ పరీక్షింపవలెను. 1890 ప్రాంతమున స్విట్జర్లాండులో గెర్బరు ఇందుకొక పద్ధతిని కనుగొనెను. సాక్షి అబద్ధమాడదు, అడుగువాడే అడుగుట నేర్వవలెను.