నురగ ఎక్కువైతే శుభ్రత ఎక్కువా?

బట్టలు ఉతికే యంత్రం ఉన్న ఇళ్లలో చాలామందికి ఒక చిత్రమైన అనుభవం ఎదురవుతూ ఉంటుంది. గంటంబావులో ముగియవలసిన ఉతుకు రెండు గంటలైనా ముగియదు. గుండ్రని అద్దపు తలుపు వెనుక బట్టల జాడ ఉండదు. తెల్లని నురగ మాత్రం తిరుగుతూ కనిపిస్తుంది. కొంతసేపటికి ఆ నురగ సబ్బుపొడి వేసే సొరుగులోంచి పొంగి నేల మీదికి జారుతుంది. ఇంత నురగ వచ్చింది గదా, బట్టలు మల్లెపూలలా ఉంటాయని ఆశపడి చూస్తే నల్లచీర మీద తెల్లని చారలు, తువ్వాళ్లలో జిగట! యంత్రం చెడిపోయిందని మెకానిక్కుకు కబురు వెళుతుంది.

నిజానికి చాలా సందర్భాలలో యంత్రానికి వచ్చిన లోపమేమీ ఉండదు. మనం తరతరాలుగా పెంచుకున్న నమ్మకం ఒకటి ఆ యంత్రానికి సరిపడదు. నురగ ఎంత వస్తే మురికి అంత పోతుందన్నదే ఆ నమ్మకం.

నమ్మకానికి మూలం

పూర్వం చాకిరేవులో సబ్బు లేదు. చవిటి నేలల నుంచి తెచ్చిన చవుడును నీళ్లలో కలిపి, అందులో బట్టలు ముంచి, ఆవిరికి ఉబ్బవేసి, బండ మీద బాదేవారు. చవుడులోని క్షారం జిడ్డును విరిచేది. నురగ అంతగా ఉండేది కాదు. అయినా పంచెలు తెల్లగానే ఇంటికి వచ్చేవి. కుంకుడు రసంలో మాత్రం సాపోనిన్లు అనే పదార్థాల మూలంగా చక్కని నురగ వస్తుంది. తలంటి పోసుకునేటప్పుడు ఆ నురగను చూసి మనం మురిసిపోయేవాళ్లం.

తరువాత బిళ్ల సబ్బులు వచ్చాయి. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా రంగప్రవేశం చేసి, బకెట్టులో పొడి కలిపి బట్టలు నానబెట్టే అలవాటును మన ఇళ్లలో స్థిరపరచాయి. బకెట్టు ఉతుకులో నురగకు నిజంగానే ఒక అర్థం ఉన్నది. మన బావులలోనూ బోర్లలోనూ దొరికేది తరచు కఠిన జలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ముందుగా సబ్బును పట్టుకుని తెట్టుగా మార్చివేస్తాయి. అవి తీరిన తరువాతనే నురగ పుడుతుంది. బట్టలోని జిడ్డు కూడా నురగను అణచివేస్తుంది. కనుక చేతితో ఉతికే మనిషికి నురగ ఒక కొలబద్ద: నీటిలో ఇంకా పనిచేయగల సబ్బు మిగిలి ఉన్నదని అది చెబుతుంది.

అది చెప్పేది అంతవరకే. మురికిని వదలగొట్టేది నీటిలో కరిగివున్న డిటర్జెంటు అణువు. దాని ఒక కొన నీటిని ఇష్టపడుతుంది, రెండవ కొన జిడ్డును అంటుకుంటుంది. అటువంటి అణువులు అనేకం జిడ్డు బొట్టును చుట్టుముట్టి, బట్ట నుంచి ఊడదీసి నీటిలో తేలుస్తాయి. అదే అణువులు గాలి తగిలినచోట బుడగ కడితే అది నురగ. అనగా పొంగిపొర్లే నురగ మనం డబ్బు పోసి కొన్న మిగులు సబ్బే.

యంత్రంలో నురగ చేసే చేటు

ముందువైపు తలుపు ఉండే ఫ్రంట్ లోడ్ యంత్రం అతి తక్కువ నీటితో పనిచేస్తుంది. ఇందులో డ్రమ్ము అడ్డంగా తిరుగుతూ, లోపలి గట్ల సాయంతో బట్టలను పైకి ఎత్తి కిందికి పడవేస్తుంది. రేవు బండ మీద పడే దెబ్బకు ఇది సుతారమైన నకలు. డ్రమ్ము నురగతో నిండితే బట్టలు దూదిపరుపు మీద పడినట్లు పడతాయి. దెబ్బ తగలదు; మురికి వదలదు.

నష్టం ఇంతటితో ఆగదు. నీటిమట్టాన్ని యంత్రం ఒక సన్నని గొట్టంలోని గాలి ఒత్తిడి ద్వారా గ్రహిస్తుంది. ఆ గొట్టంలోకి నురగ ఎక్కితే లెక్క తప్పుతుంది. పంపు నీటిని తోడగలదు గాని, గాలితో నిండిన నురగను సరిగా తోడలేదు. పిండే దశలో లోపలి డ్రమ్ముకూ బయటి తొట్టికీ నడుమ నురగ చిక్కుకుంటే మోటారుకు భారం పెరుగుతుంది. తెలివైన యంత్రాలు ఈ స్థితిని పసిగట్టి, నురగ అణగేవరకు ఆగిపోతాయి. లేదా మరొక విడత నీరు పట్టి జాడిస్తాయి. ఉతుకు గంటల తరబడి సాగడానికి కారణం ఇదే. కొన్ని యంత్రాల మీద ఆ సమయంలో 'ఎస్‌యుడి' లేక 'ఎస్‌డి' అనే అక్షరాలు కనిపిస్తాయి. నురగ ఎక్కువైనదని వాటి భావం.

నీటి కోసం ట్యాంకరుకు ఎదురుచూసే నగరాలలో ఈ అదనపు జాడింపులు చిన్న విషయం కావు. అన్నిసార్లు జాడించినా మిగిలిపోయే సబ్బు బట్టలను బిరుసుగా చేస్తుంది. సున్నితమైన చర్మం గలవారికి, ముఖ్యంగా పసిపిల్లలకు, దురద కలిగించవచ్చు.

కారణాన్ని వెదికే క్రమం

మొదట పొడి ప్యాకెట్టు చూడండి. చేతి ఉతుకుకు ఉద్దేశించిన పొడి బాగా నురగ వచ్చేటట్లు తయారవుతుంది. ఫ్రంట్ లోడ్ యంత్రానికని ముద్రించిన పొడిలోను ద్రవంలోను నురగను అణచే పదార్థాలు కలుపుతారు. ధర తక్కువ గదా అని మొదటిదాన్ని యంత్రంలో వేయడం నురగను కొనితెచ్చుకోవడమే.

రెండవది కొలత. సగం బట్టలకు పూర్తి కొలత అక్కరలేదు. చేతికి వచ్చినంత పొడి వేసే అలవాటు మాని, ప్యాకెట్టు మీది కొలత ప్రకారం చెంచాతో వేయండి.

మూడవది నీరు. ఒకే ఇంట్లో కొన్నాళ్లు కొళాయి నీరు, కొన్నాళ్లు బోరు నీరు వాడడం మనకు మామూలు. బోరు నీటికి సరిపోయిన కొలత మృదువైన నదీజలానికి ఎక్కువవుతుంది. ఇంటికి నీటి కాఠిన్యాన్ని తగ్గించే పరికరం అమర్చుకున్న తరువాత కూడా పాత కొలతే వేస్తే నురగ పొంగక తప్పదు.

నాలుగవది మన దేశపు ప్రత్యేకమైన అలవాటు. కాలర్లకు, లంగా అంచులకు బిళ్ల సబ్బు రుద్ది, లేదా బకెట్టులో పొడి వేసి నానబెట్టి, జాడించకుండానే బట్టలను యంత్రంలో వేస్తాము. పైగా మళ్లీ పొడి వేస్తాము. నానబెట్టిన బట్టలను ఒకసారి మంచినీటిలో జాడించి వేస్తే సమస్య చాలావరకు తీరుతుంది.

ఐదవది పాత బాకీ. ఎన్నాళ్లుగానో బట్టలలో మిగిలిపోయిన సబ్బు తడి తగలగానే మళ్లీ నురగ కడుతుంది. దీనికి సులువైన పరీక్ష ఉన్నది. ఉతికి ఆరవేసిన నాలుగు తువ్వాళ్లను యంత్రంలో వేసి, పొడి ఏమీ వేయకుండా గోరువెచ్చని నీటితో తిప్పండి. పది నిమిషాల తరువాత అద్దంలో నురగ కనిపిస్తే, అది పాత సబ్బే. నురగ రానంతవరకు అలాగే ఒకటి రెండు విడతలు జాడించండి.

చివరకు నీరు బయటికిపోయే దారిని పరిశీలించండి. యంత్రం అడుగున ముందువైపు చిన్న మూత వెనుక ఫిల్టరు ఉంటుంది. బొత్తాలు, నాణేలు, దారపు ఉండలు అక్కడ చేరి దారిని మూసివేస్తాయి. ప్లగ్గు తీసి, నీరు చల్లారిన తరువాత, కింద పళ్లెం పెట్టి మెల్లగా మూత విప్పి శుభ్రం చేయాలి. పొడి వేసే సొరుగులో గడ్డకట్టిన సబ్బును కూడా కడిగివేయాలి.

పొంగిన వేళ

నురగ నేలకు దిగినప్పుడు తొందర ప్రమాదకరం. తడి చేతులతో, తడి పాదాలతో ప్లగ్గు ముట్టుకోరాదు. గోడ స్విచ్చి దగ్గరకు పొడి దారి లేకపోతే ఇంటి ప్రధాన స్విచ్చిని ఆపండి. తలుపును బలవంతంగా లాగకండి. అరగంట సేపు కదలకుండా ఉంచితే నురగ దానంతటదే చాలావరకు అణగుతుంది. నేల తుడిచి ఆరిన తరువాత, ముందు నీరంతా బయటికి పంపి, పొడి లేకుండా చల్లని నీటితో జాడించే దశను ఒకటికి రెండుసార్లు నడపండి. మొండి నురగకు జాడింపు నీటిలో కొద్దిగా వెనిగర్ కలపవచ్చు. అయితే దానిని నిత్యం వాడితే యంత్రంలోని రబ్బరు భాగాలు దెబ్బతినవచ్చు. క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ ద్రవంతో వెనిగర్‌ను ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది.

ఇన్ని చేసి, పొడి సగానికి తగ్గించిన తరువాత కూడా నురగ పొంగుతూనే ఉంటే, అప్పుడు మెకానిక్కును పిలవడం న్యాయం.

గడప దాటిన నురగ

మన ఇంటి నుంచి పోయిన నురగ అక్కడితో మాయమైపోదు. బహుళ అంతస్తుల భవనాలలో పై ఇంటి నురగ కొన్నిసార్లు కింది ఇంటి స్నానాలగది కన్నంలోంచి పైకి వస్తుంది. శుద్ధికాని మురుగునీటితో కలిసి చెరువు చేరిన డిటర్జెంటు ఏం చేస్తుందో 2015లో బెంగుళూరు చూసింది. బెళ్లందూరు చెరువు నురగ గాలికి లేచి వీధులలో పడింది. ఢిల్లీలో కాళింది కుంజ్ దగ్గర యమున మీద తెప్పలుగా తేలే నురగలో కూడా మన సబ్బుల పాలు ఉన్నది. ఆ నీటిని శుద్ధి చేయవలసిన బాధ్యత ప్రభుత్వాలది, నగరపాలక సంస్థలది. అక్కరలేని సబ్బును కాలువలోకి పంపకుండా ఉండడం మాత్రం మన చేతిలోని పని.

ఇకమీదట యంత్రం తిరిగేటప్పుడు అద్దంలోంచి ఒకసారి చూడండి. పలుచని నురగ నడుమ బట్టలు లేస్తూ పడుతూ స్పష్టంగా కనిపిస్తే పొడి సరిపోయినట్లే. నురగ కనిపించలేదని మరో చెంచా వేయబోయే చేతిని ఆపండి. బట్ట శుభ్రపడినదీ లేనిదీ ఆరిన తరువాత, వేళ్లకు తగిలే మెత్తదనమే చెబుతుంది.