చర్మం కింద రంగులు

మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ డెబ్బై ఏళ్లు దాటిన అవ్వ ఉంటే, ఆమె ముంజేతిని ఒకసారి పరిశీలించి చూడండి. నాలుగు చుక్కలో, తేలు బొమ్మో, ఎవరిదో పేరో కనిపించవచ్చు. అది చిన్నతనంలో పొడిపించుకున్న పచ్చబొట్టు. రోజూ స్నానం చేసినా, అంట్లు తోమినా, ఏళ్ల తరబడి పొలంలో పనిచేసినా అది పోలేదు. ఇప్పుడు పట్నంలో చదివే అన్నయ్య అయిదారేళ్ల కిందట భుజం మీద వేయించుకున్న రంగుల సీతాకోకచిలుకను చూడండి. పసుపు కనబడీ కనబడనట్లుంటుంది. ఎరుపు వెలిసి గులాబిరంగుకు దిగింది. నల్ల గీత మాత్రం అలాగే ఉంది. రెండూ సూదితో పొడిచినవే కదా! మరి ఈ తేడా ఎందుకు?

సూది ఎంత లోతుకు దిగుతుంది?

మన చర్మంలో పై పొర బాహ్యచర్మం. దాని కిందిది అంతశ్చర్మం. బాహ్యచర్మం అడుగున ఎప్పుడూ కొత్త కణాలు పుడుతూ ఉంటాయి. అవి పైకి జరుగుతూ, చివరకు చనిపోయి పొట్టుగా రాలిపోతాయి. ఇందుకు సుమారు నెల రోజులు పడుతుంది. గోరింటాకు రంగు ఈ పై పొరలోనే ఉంటుంది కనుక, కొద్ది వారాల్లో పొట్టుతోపాటే పోతుంది. పచ్చబొట్టు సూది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు దిగి, రంగును అంతశ్చర్మంలో వదులుతుంది. ఆ పొర అలా రాలిపోదు.

అయితే శరీరం ఊరుకుంటుందా? బయటి వస్తువు లోపలికి రాగానే స్థూల భక్షక కణాలు వచ్చి దాన్ని మింగుతాయి. సూక్ష్మజీవినైతే అరిగించుకుంటాయి. రంగు రేణువు వాటికి అరగదు. మింగలేక, కక్కలేక, దాన్ని పొట్టలో పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి. మనం పచ్చబొట్టు అంటున్నది నిజానికి రంగు మింగిన ఈ కణాల గుంపునే!

మరి ఆ కణాలు చనిపోతే? ఫ్రాన్సులోని మార్సే నగర శాస్త్రజ్ఞులు ఎలుకల తోకల మీద ఆకుపచ్చ బొట్లు పొడిచి ఈ సంగతి పరిశీలించారు. కణం చనిపోగానే రంగు బయటపడింది. కొత్తగా వచ్చిన కణాలు దాన్ని మళ్లీ మింగాయి. బొట్టు చెక్కుచెదరలేదు. ఈ ఫలితాలు 2018లో వెలువడ్డాయి.

మసి నల్లన, బొట్టు పచ్చన

పూర్వం మన ఊళ్లలో ఎరుకల స్త్రీలు ఇంటింటికీ తిరిగి పచ్చబొట్లు పొడిచేవారు. దీపపు మసిని ఆకు పసరుతో కలిపి వాడేవారు. మసి నల్లగా ఉంటుంది కదా, బొట్టు పచ్చగా ఎందుకు కనిపిస్తుంది?

గ్లాసుడు నీళ్లలో నాలుగు చుక్కల పాలు కలపండి. గ్లాసు వెనుక నల్లగుడ్డ పెట్టి, పక్కనుంచి టార్చిలైటు వేయండి. నీళ్లు లేత నీలంగా కనిపిస్తాయి. నీలికాంతి ఎక్కువగా చెదిరి మన కంటికి చేరడమే ఇందుకు కారణం. చర్మంలోనూ ఇదే జరుగుతుంది. ఎర్రకాంతి లోతుకు పోయి మసిలో కలిసిపోతుంది. నీలికాంతి చెదిరి వెనక్కి వస్తుంది. అందుకే మసిబొట్టు నీలి పచ్చగా కనిపిస్తుంది.

మసి అంటే కార్బన్. వెలుతురు దాన్ని విడగొట్టలేదు. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో దొరికిన, సుమారు 5,300 ఏళ్లనాటి ‘ఓట్జీ’ అనే మనిషి శరీరం మీద 61 మసిగుర్తులు నేటికీ ఉన్నాయి.

రంగులు ఎందుకు వెలుస్తాయి?

మొదటి కారణం ఎండ. నేటి ఎరుపు, పసుపు రంగుల్లో చాలావరకు ‘ఆజో’ జాతి రసాయనాలు. వాటి అణువుల్లోని బంధాలను అతినీలలోహిత కిరణాలు తెంచుతాయి. బంధం తెగితే రంగు పోతుంది. రాగి ఉన్న థాలోసయనిన్ నీలం, ఆకుపచ్చ రంగులు ఎండకు బాగా తట్టుకుంటాయి.

రెండవది, శరీరమే కొంత రంగును మోసుకుపోవడం. అతి చిన్న రేణువులు శోషరసంతో కలిసి ప్రవహిస్తాయి. పచ్చబొట్లున్న వారు చనిపోయాక, వారి శోషరస గ్రంథులను ఎక్స్ కిరణాలతో పరీక్షించినప్పుడు ఈ రేణువులు కనిపించాయని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

మూడవది, మన చర్మపు చాయ. చాయనిచ్చే మెలనిన్ బాహ్యచర్మంలో, అంటే రంగుకు పైన ఉంటుంది. గోధుమరంగు గాజులోంచి పసుపు కాగితాన్ని చూస్తే ఎలా ఉంటుందో, లేత రంగులు మనకు అలా కనిపిస్తాయి.

మళ్లీ ఎప్పుడు దిద్దాలి?

కొత్త బొట్టు తొలి నెలలో మాసినట్లు కనబడితే కంగారు పడనక్కరలేదు. పై పొరలో చిక్కుకున్న రంగు పొట్టుతో పోతున్నదంతే. గాయం పూర్తిగా మానేదాకా, అంటే కనీసం నెలా నెలన్నర దాకా, దాని మీద సూది పెట్టకూడదు. ఆ తరువాత అక్కడక్కడ ఖాళీలు మిగిలితే వాటిని దిద్దవచ్చు.

ఏళ్లు గడిచాక దిద్దడానికి ఇన్నేళ్లని లెక్క లేదు. ఎప్పుడూ ఎండ తగిలే ముంజేయి ముందు వెలుస్తుంది. చొక్కా కింది భుజం ఆలస్యంగా వెలుస్తుంది. రంగు పలచబడితే దిద్దవచ్చు గానీ, గీతలు అలుక్కుపోతే మళ్లీ పొడవడంవల్ల అవి మరింత లావెక్కుతాయి. బొట్టు ఉబ్బినా, దురద పెట్టినా సూది జోలికి పోక డాక్టరుకు చూపించాలి. ఇలాంటి బాధ ఎర్రరంగుతోనే ఎక్కువ.

దిద్దడమంటే మళ్లీ గాయం చేయడమే. జాతరలో ఒకే సూదితో పదిమందికి పొడిస్తే కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి వైరస్‌లు, ఎయిడ్స్ వైరస్ ఒకరి నుంచి ఒకరికి సోకవచ్చు. రంగుల సంగతీ అంతే. 2022 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ దేశాలు పచ్చబొట్టు రంగుల్లోని వేలాది రసాయనాలపై ఆంక్షలు పెట్టాయి. కనుక జాతరలో స్నేహితులు రమ్మన్నా తొందరపడకండి. పెద్దయ్యాక, అన్నీ తెలుసుకుని నిర్ణయించుకోవచ్చు.

ఈలోగా ఒక ప్రయోగం చేయండి. ఎరుపు, పసుపు, నీలం, నలుపు స్కెచ్ పెన్నులతో ఒక కాగితం మీద గీతలు గీయండి. సగం భాగాన్ని అట్టతో కప్పి, నెల రోజులు ఎండలో ఉంచండి. ఏ రంగు ముందు వెలిసింది? ఏది నిలిచింది? అట్ట తీసి మీరే చూడండి!