జొన్నమాల్టు, హాప్ పువ్వు: స్వల్పమద్యపు బీరులోని రసాయనం

తెలంగాణ పశ్చిమపు అంచున, కర్ణాటక సరిహద్దుకు చేరువగా ఉన్న జహీరాబాదు ప్రాంతంలో జొన్న పాతకాలపు పంట. రొట్టెగా, గటకగా, అంబలిగా ఇది అక్కడివారికి నిత్యాహారం. పస్తాపూరు కేంద్రంగా 1983 నుండి పనిచేస్తూ వచ్చిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘాలు జొన్నతోబాటు అనేక చిరుధాన్యాల పాతరకాల విత్తనాలను కాపాడినాయి. జహీరాబాదు ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే, పటాన్‌చెరులో, 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్ పరిశోధించే ముఖ్యమైన పంటలలో జొన్న ఒకటి. బీరు కర్మాగారాలు కూడ ఈ జిల్లాలో ఉన్నాయి. అయితే ఆ పరిశ్రమకు ముఖ్యమైన ధాన్యం జొన్న కాదు, ఉత్తర భారతంలో పండే బార్లీ.

జొన్నతో బీరు తయారుకాదా? ఆఫ్రికాలో తరతరాలుగా తయారవుతున్నది. 1988లో నైజీరియా ప్రభుత్వం బార్లీ దిగుమతిని నిషేధించినపుడు అక్కడి పెద్ద కర్మాగారాలు సైతం జొన్నకు, మొక్కజొన్నకు మారవలసి వచ్చింది. బార్లీతో పోలిస్తే జొన్న కొంత మొండి ధాన్యమని ఆ మార్పులో తేలింది. కాని మద్యం తక్కువగా, హాప్ పువ్వు చేదు, సువాసన ఎక్కువగా ఉండే బీరును తయారు చేయదలచినపుడు ఆ మొండితనమే గుణంగా మారుతుంది. అది ఎట్లో తెలుసుకోవలెనంటే గింజ మొలకెత్తే దశనుండి ప్రారంభించాలి.

మొలకలో పుట్టే ఎంజైములు

ఈతకల్లు దానంతట అదే పులుస్తుంది. చెట్టునుండి కారే రసంలోనే చక్కెర ఉంటుంది; గాలిలోని, కుండలోని ఈస్టు దానిని వెంటనే ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చివేస్తుంది. ధాన్యంలో ఉన్నది చక్కెర కాదు, పిండిపదార్థం. వేలకొలది గ్లూకోజు అణువులు గొలుసుగా కూడినదే పిండిపదార్థం. ఈ గొలుసును ఈస్టు తినలేదు. ముందుగా దానిని తుంచవలె.

ఆ పనిని గింజ తానే చేసుకుంటుంది. నానిన గింజ మొలకెత్తేటపుడు అమైలేజులనే ఎంజైములు దానిలో పనికి సిద్ధమవుతాయి. మొలకకు ఆహారం అందించడానికి అవి పిండిపదార్థాన్ని తుంచుతాయి. మొలక కొంత పెరగగానే గింజను ఆరబెట్టితే, ఎంజైములు చావక, పిండిపదార్థం వ్యయం కాక నిలిచిపోతాయి. ఇట్లు మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యాన్నే మాల్టు అంటారు. బార్లీని మొలకెత్తించడానికి చల్లని వాతావరణం కావాలి. జొన్నకు 25 నుండి 30 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనం అనుకూలం. జహీరాబాదులో సంవత్సరంలో చాలా నెలలు ఈ వెచ్చదనానికి కొదవ లేదు.

అమైలేజులు రెండు విధాలు. ఆల్ఫా అమైలేజు గొలుసును మధ్యలో ఎక్కడబడితే అక్కడ నరికి పెద్ద పెద్ద ముక్కలు చేస్తుంది. బీటా అమైలేజు కొసనుండి రెండేసి గ్లూకోజుల చొప్పున కత్తిరించి మాల్టోజు చక్కెరను విడదీస్తుంది. మాల్టోజును ఈస్టు సులభంగా తింటుంది. డెక్స్‌ట్రిన్లనబడే పెద్ద ముక్కలను బీరు ఈస్టు సామాన్యంగా తినలేదు. అవి బీరులోనే మిగిలి దానికి చిక్కదనాన్ని ఇస్తాయి. జొన్నమాల్టులో బీటా అమైలేజు బార్లీలోకంటే చాలా తక్కువ. అంటే జొన్నరసంలో పులిసే చక్కెర తగ్గి, పులియని డెక్స్‌ట్రిన్లు మిగులుతాయి. ఘాటైన బీరు కోరేవారికి ఇది లోపం. తేలికైన బీరు కోరేవారికి ఇది వరం.

ఇంకొక చిక్కు కూడ ఉన్నది. ఎంజైములు తుంచగలగాలంటే పిండిపదార్థం ముందుగా నీటిలో ఉబ్బి జిగురుగా మారాలి. బార్లీపిండి సుమారు 60 డిగ్రీల వద్దనే ఇట్లు మారుతుంది. జొన్నపిండికి సుమారు 70 డిగ్రీలు, అంతకుమించి కూడ కావాలి. ఆ వేడిలో బీటా అమైలేజు త్వరగా నశిస్తుంది. దీనికి ఉపాయం ఇది: మాల్టుపిండిని గోరువెచ్చని నీటిలో కలిపి, ఎంజైములు కరిగిన పైతేటను వేరుచేసి దాచుతారు. అడుగున ఉన్న పిండిని బాగా ఉడికించి, చల్లార్చి, దాచిన తేటను తిరిగి కలుపుతారు. కలిపిన తరువాత 65 డిగ్రీల వద్ద ఉంచితే పులిసే చక్కెర పెరుగుతుంది. 70 డిగ్రీలకు పైన ఉంచితే ఆల్ఫా అమైలేజు మాత్రమే పనిచేసి డెక్స్‌ట్రిన్లు పెరుగుతాయి. స్వల్పమద్యపు బీరుకు రెండవ మార్గమే తగినది.

నాము విషం

లేత జొన్నపైరును, కోసిన మోళ్లనుండి వచ్చే పిలకలను మేసిన పశువులు నాము విషంతో చనిపోవడం రైతులకు తెలిసినదే. పైరులోని ధురిన్ అనే పదార్థం విచ్ఛిన్నమైనపుడు హైడ్రోజన్ సైనైడు పుట్టడమే దీనికి కారణం. ఎండిన గింజలో ధురిన్ దాదాపు ఉండదు. కాని గింజ మొలకెత్తగానే మొలకలోను, వేరులోను అది పేరుకుంటుంది. అందుచేత జొన్నమాల్టును ఎండబెట్టిన తరువాత మొలకలను, వేళ్లను నలిపి, చెరిగి పూర్తిగా తొలగించవలె. బార్లీమాల్టుకు ఈ ప్రమాదం లేదు. ధాన్యాన్ని మార్చినపుడు దానితో వచ్చే అపాయాన్ని కూడ లెక్కలోకి తీసుకోవాలనడానికి ఇది చక్కని నిదర్శనం.

మద్యం లెక్క

పులిసే చక్కెర బరువులో ఇంచుమించు సగం ఆల్కహాలుగాను, తక్కిన సగం బొగ్గుపులుసు వాయువుగాను మారుతుంది. ఒక లీటరు మామూలు రసంలో 120 గ్రాముల ఘనపదార్థం కరిగి ఉన్నదనుకొందాము. అందులో పులిసేది 80 గ్రాములైతే 40 గ్రాముల ఆల్కహాలు వస్తుంది. ఆల్కహాలు సాంద్రత 0.79 కనుక దాని ఘనపరిమాణం సుమారు 50 మిల్లీలీటర్లు, అనగా 5 శాతం. పులియక మిగిలేది 40 గ్రాములు.

దీనిని సగానికి తగ్గించడానికి రసంలో అంతే నీరు కలిపితే చాలునని తోచవచ్చు. అపుడు మద్యం 2.5 శాతమవుతుంది, కాని మిగిలే డెక్స్‌ట్రిన్లు మొదలైనవి కూడ 20 గ్రాములకు దిగిపోయి బీరు నీళ్లనీళ్లగా ఉంటుంది. అట్లు కాక, లీటరుకు 70 గ్రాముల ఘనపదార్థంతో, అందులో 40 గ్రాములు మాత్రమే పులిసేటట్లు రసాన్ని తీస్తే మద్యం అదే 2.5 శాతం, మిగిలేది 30 గ్రాములు. నోటికి తగిలే చిక్కదనం ఈ తేడాలోనే ఉన్నది. తగ్గించడమంటే తీసివేయడం కాదు, పాళ్లను మార్చడం.

హాప్ పువ్వు చేసే పని

హాప్ గంజాయి కుటుంబానికి చెందిన తీగ. దాని ఆడపువ్వుల రేకుల అడుగున పసుపుపచ్చని జిగురుపొడి ఉంటుంది. అందులో ఆల్ఫా ఆమ్లాలు, సుగంధ తైలాలు ఉంటాయి. హాప్‌కు వేసవిలో దీర్ఘమైన పగళ్లు, శీతకాలంలో గట్టి చలి అవసరం. జహీరాబాదు సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. జూన్‌లో సైతం పగలు 13 గంటలకు కొద్దిగా మాత్రమే మించుతుంది. అందుచేత ఈ తీగకు అది అనువైన చోటు కాదు. మన దేశంలో దీనిని హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో పండించారు.

ఆల్ఫా ఆమ్లాలు నీటిలో సరిగా కరగవు. రసంలో మరిగించినపుడు వాటిలోని పరమాణువుల అమరిక మారి కరిగే ఐసో ఆల్ఫా ఆమ్లాలు ఏర్పడతాయి. బీరులోని చేదు ముఖ్యంగా వీటిదే. నూటికి 10 పాళ్లు ఆల్ఫా ఆమ్లమున్న హాప్‌ను లీటరుకు ఒక గ్రాము వేసి గంటసేపు మరిగిస్తే, అందులోని 100 మిల్లీగ్రాములలో సుమారు 25 మాత్రమే చేదుగా మారి నిలుస్తాయి. చిక్కదనం తక్కువైన బీరుకు ఇంతకుమించితే చేదు నాలుకకు గరుకుగా తగులుతుంది. కనుక ఎక్కువ హాప్‌ను మరిగేటపుడు వేయరాదు. మరిగితే సుగంధ తైలాలు ఆవిరితో పోతాయి. రసం సుమారు 80 డిగ్రీలకు చల్లారిన పిమ్మట కొంత, పులియడం ముగింపుకు వచ్చిన పిమ్మట కొంత కలిపితే చేదు పెద్దగా పెరగక సువాసన నిలుస్తుంది. తగ్గిన మద్యం స్థానంలో రుచిని నింపేది ఈ సువాసనే.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. చల్లని బీరులో వేసిన హాప్‌లో కూడ కొద్దిగా అమైలేజులు ఉంటాయి. అవి డెక్స్‌ట్రిన్లను మెల్లగా తుంచి ఈస్టుకు మళ్లీ ఆహారం పెడతాయి. ఫలితంగా మద్యం అనుకున్నదానికంటే పెరుగుతుంది. సీసాలో వాయువు పెరిగి సీసా పగలవచ్చు కూడ. ఈ సంగతిని ఇంగ్లండులో బ్రౌన్, మోరిస్ అనే శాస్త్రజ్ఞులు 1893లోనే వివరించారు. సువాసనకోసం వేసిన పువ్వు మద్యం లెక్కను తారుమారు చేస్తుందన్నమాట. కనుక హాప్ వేసిన తరువాత సాంద్రత ఇక తగ్గడం లేదని పలుమారులు కొలిచి చూచిన పిదపనే సీసాలలో నింపవలె.

తక్కువ మద్యం, తక్కువ రక్షణ

హాప్ చేదు లాక్టోబాసిల్లస్ వంటి గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాను అణచుతుంది. సాల్మొనెల్లా వంటి గ్రామ్ నెగటివ్ జాతిపై దాని ప్రభావం స్వల్పం. మామూలు బీరులో వాటిని మద్యం, ఆమ్లత కలిసి అడ్డుకొంటాయి. మద్యం తగ్గి, డెక్స్‌ట్రిన్లు మిగిలితే ఆ అడ్డు బలహీనపడుతుంది. కనుక తేలిక బీరుకు పి.హెచ్. విలువను 4.2కు మించనీయరు; సీసాలను పాశ్చరు పద్ధతిలో వేడిచేస్తారు. పి.హెచ్. మానాన్ని సోరెన్‌సెన్ 1909లో ప్రతిపాదించినది కోపెన్‌హాగెన్‌లో బీరు పరిశ్రమకు చెందిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలోనే కావడం గమనించదగినది.

లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం తెలంగాణలో 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. 21 ఏండ్లు నిండనివారికి అమ్మకం కూడ నిషిద్ధం. మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి పూర్తిగా నిరపాయమని చెప్పదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. కనుక పై పాళ్లు ఇంట చేసి చూచుటకు కావు, తెలుసుకొనుటకు మాత్రమే.

తరగతిగదిలో

ఇందులోని అసలు సూత్రాన్ని మద్యం ప్రసక్తి లేకుండానే పాఠశాలలో చూపవచ్చు. నాము భయం లేని రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, పిండిచేసి, నీటిలో కలిపి వడగట్టాలి. పలుచని గంజిని మూడు పరీక్షనాళికలలో పోయాలి. మొదటిదానిలో మామూలు నీరు, రెండవదానిలో వడగట్టిన మొలకనీరు, మూడవదానిలో మరిగించి చల్లార్చిన మొలకనీరు కలపాలి. మూడింటిని 60 డిగ్రీల వేడినీటిలో అరగంట ఉంచి, చల్లార్చి, ఒక్కొక్క చుక్క అయోడిన్ వేయాలి. మొదటిది, మూడవది నీలిరంగు చూపుతాయి. రెండవదానిలో నీలిరంగు పలుచబడుతుంది, లేదా రాదు. పిండిపదార్థం తరిగిపోయిందని, మరిగిన ఎంజైము పనిచేయదని విద్యార్థులు స్వయంగా కనుగొంటారు. అయోడిన్ కలిసినదానిని రుచి చూడరాదు.

ఈ జ్ఞానానికి బీరుసీసాకంటె విలువైన ఉపయోగం మరొకటి ఉన్నది. పసిబిడ్డకు పెట్టే జావ చిక్కగా ఉంటే బిడ్డ మింగలేదు. నీరు పోసి పలుచన చేస్తే బలం చాలదు. వండిన చిక్కని జావ కొంత చల్లారి ఇంకా వేడిగా ఉండగానే ఒక చెంచా మొలకరాగుల పిండి కలిపి, బాగా కలియబెట్టి, మళ్లీ ఒక పొంగు రానిస్తే, అమైలేజు పిండిపదార్థాన్ని తుంచి, నీరు పోయకుండానే జావను పలుచన చేస్తుంది. బిడ్డకు కడుపునిండా బలమైన ఆహారం అందుతుంది. బీరు కర్మాగారంలో పనిచేసే ఎంజైమే అమ్మ చేతి గిన్నెలోను పనిచేస్తుంది.