ఫోను తెర తడబడుట – కారణము కనుగొను విధము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల ప్రత్తి రైతులకు నేడు సెల్‌ఫోను కూడ ఒక సేద్యపు పనిముట్టే. 2025లో కాటన్ కార్పొరేషన్ వారు మద్దతు ధరకు ప్రత్తి అమ్మదలచిన రైతులు 'కపాస్ కిసాన్' యాప్‌లో స్లాటు నమోదు చేసికొను పద్ధతి ప్రవేశపెట్టిరి. అట్టి వేళ తెర కదలక మొరాయించినచో స్లాటు చేజారవచ్చును. పైరు తెగులును గుర్తించినట్లే దీని కారణమును కూడ గుర్తింపవలెను.

ఫోను సాధారణముగా తెరపై సెకనుకు 60 మార్లు క్రొత్త బొమ్మ గీయును. ఒక్కొక్క బొమ్మకు దొరకు వ్యవధి సుమారు 16 మిల్లీసెకన్లు. ఆ గడువు దాటినచో తెర కుదుపులతో కదలును.

మొదట ఫోనులో దాచుకొన్న ఫోటోలను వ్రేలితో పైకి, క్రిందికి జరిపి చూడవలెను. వీటికి సిగ్నలుతో పని లేదు. ఇక్కడ కూడ కుదుపున్నచో లోపము ఫోనులోనే యున్నది. ఫోటోలు సాఫీగా కదలి, యాప్‌లో అక్షరములు ఆలస్యముగా వచ్చినచో సిగ్నలునో, అవతలి సర్వరునో అనుమానింపవలెను. వచ్చిన అక్షరములే కుదుపుతో కదలినచో ఆ యాప్‌ను అప్‌డేటు చేయవలెను.

చేనిలో ఎండకు వేడెక్కిన ఫోను తన వేగమును తానే తగ్గించుకొనును. దానిని నీడన చల్లారనీయవలెను; నీటిలో గాని, ఫ్రిజ్‌లో గాని పెట్టరాదు. బ్యాటరీ సేవరు కూడ వేగము తగ్గించును. నిల్వ నిండినచో అక్కరలేని వీడియోలు తీసివేసి, ఫోనును ఒకమారు ఆపి తిరిగి వెలిగింపవలెను.

ఈ పరీక్షకు పట్టునది ఐదు నిమిషములే. స్లాటుకు ముందటి రోజుననే చేసికొనుట మేలు. గ్రామాధికారులు, విస్తరణాధికారులు రైతు వేదికలలో దీనిని చేసి చూపగోరుచున్నాము.