చదివేవాడి చెయ్యి ఖాళీగా ఉండదు

కథలు చదివేవాళ్ళు పడక్కుర్చీలో కాళ్ళు బారజాపుకుని చదువుతారు బుజ్జమ్మా. కొత్త ఉద్యోగంలో నువ్వు రాయబోయే మాన్యువళ్ళని అలా ఎవరూ చదవరు. ఒక చేతిలో నీ కాయితం ఉంటే రెండో చేతిలో స్పానరో, మందు సీసానో, విరేచనాలతో సోలిపోతున్న పసిబిడ్డో ఉంటుంది. వాక్యం అందంగా ఉందా లేదా అని చూసే తీరిక వాళ్ళకి ఉండదు. చదివాక ఆ రెండో చెయ్యి సరైన పని చేసిందా లేదా, అదొక్కటే లెక్క. టెక్నికల్ రైటింగ్ నేర్పే పుస్తకాలు ఎన్ని కొనుక్కున్నా ఈ మాట మొదట గట్టిగా పట్టుకో. వ్యాకరణం, బొమ్మలు, పట్టికలు అన్నీ దీని తర్వాతే.

నన్నడిగితే ఈ విద్యలో అందరికంటే గొప్ప పని చేసినవాళ్ళు కాయితం మీద రాయనే లేదు. బంగ్లాదేశ్ పల్లెల్లో, చాలామందికి చదువే రాని తల్లులకి, ఇంటి అరుగు మీద కూచుని నోటితో చెప్పారు. ఆ కథ చెప్పాలంటే ముందు కాస్త సైన్సు చెప్పుకోవాలి.

కలరా వచ్చిన మనిషి చనిపోయేది ఒంట్లో నీళ్ళూ ఉప్పూ పోయి. పోయిన నీళ్ళు తాగించి నింపేద్దాం అంటే కుదరదు, ఉత్త నీళ్ళు తాగించినా ఉప్పునీళ్ళు తాగించినా నిలవవు. అయితే చిన్నపేగు లోపలి గోడ కణాల్లో ఒక ప్రోటీన్ ఉంది. అది ఒక గ్లూకోజ్ అణువుని లోపలికి తీసుకునేటప్పుడు రెండు సోడియం అయాన్లని కూడా వెంటబెట్టుకుని వస్తుంది. సోడియం వెనకాలే నీళ్ళూ వస్తాయి. ఈ జోడింపు సంగతి రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో బయటపెట్టాడు. కలరా క్రిమి ఎంత గోల చేసినా ఈ ప్రోటీన్ జోలికి మాత్రం పోదు. అంటే ఉప్పుతోపాటు సరైన పాళ్ళలో చక్కెర కూడా కలిపి తాగిస్తే నీళ్ళు ఒంట పడతాయన్నమాట.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు సరిహద్దు దగ్గర బొన్‌గావ్‌లో శరణార్థులు కిక్కిరిసిపోయారు. కలరా వచ్చింది, సెలైన్ సీసాలు అయిపోయాయి. కలకత్తా డాక్టరు దిలీప్ మహలనబీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినే సోడా లెక్కన కలిపించి, డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న చావులు 3.6 శాతానికి దిగాయి. ఆయన చనిపోయాక 2023లో మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఇంకా ముందే ఇవ్వాల్సింది, సరే.

శిబిరంలో అయితే డాక్టరు ఉన్నాడు, తూకం ఉంది. పల్లెలో రాత్రి రెండు గంటలకి పిల్లకి విరేచనాలు పట్టుకుంటే ఆ తల్లి దగ్గర ఏముంది? 3.5 గ్రాములు అని కాయితం మీద ఎంత ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చినా ఆవిడ చేతిలో అది చిత్తుకాయితమే. అప్పుడు బ్రాక్ అనే సంస్థ 1980లో పని మొదలుపెట్టింది. వాళ్ళు చెప్పిన మందు ఇంతే: మూడు వేళ్ళతో ఒక చిటికెడు ఉప్పు, ఒక గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు.

గ్రాములు చిటికెలయ్యాయి. గ్లూకోజ్ పోయి ఇంట్లో ఉండే బెల్లం వచ్చింది. సోడియం, పేగు గోడ, ప్రోటీన్ ఊసే లేదు. ఈ మూడు ముక్కలు ఖాయం చెయ్యడానికి వెనక ఎంత పని జరిగిందో చూడు. ఆడవాళ్ళ చేత కలిపించి, ఆ నీళ్ళు లాబ్‌కి తీసుకెళ్ళి ఉప్పు ఎంత ఉందో పరీక్ష చేశారు. ఎందుకంటే ఉప్పు తక్కువైతే పని చెయ్యదు, ఎక్కువైతే పిల్ల ప్రాణానికే ముప్పు. అర సేరు ఎంతో పొరపాటు పడకుండా ఆ ఇంట్లో ఉన్న గిన్నెకే గుర్తు పెట్టించారు. విషయం అంతా తెలిసినవాళ్ళే అన్ని సంగతులు వదిలెయ్యగలరు బుజ్జమ్మా. సగం తెలిసినవాళ్ళు అన్నీ రాసేస్తారు, ఏది వదిలెయ్యాలో వాళ్ళకి తెలీదు గనక.

నాకు ఇంకా నచ్చింది వేరే ఉంది. ఇల్లిల్లూ తిరిగి చెప్పిన ఆ అమ్మాయిలకి ఎంతమందికి చెప్పారు అనేదాన్ని బట్టి జీతం ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత వేరే మనుషులు కొన్ని ఇళ్ళకి వెళ్ళి, "ఏదమ్మా, చెప్పు, ఒకసారి కలిపి చూపించు" అనేవాళ్ళు. ఆ తల్లి ఎన్ని విషయాలు గుర్తుపెట్టుకుంది, ఎంత సరిగ్గా కలిపింది అన్నదాన్ని బట్టే చెప్పిన అమ్మాయికి డబ్బులు. మొదట తల్లులు గుర్తుంచుకోవాల్సినవి పది పాయింట్లు పెట్టుకున్నారు, తర్వాత ఏడుకి కుదించారు. పదేళ్ళలో కోటికి పైగా ఇళ్ళకి ఈ పాఠం చేరింది. మీ కంపెనీలో కూడా మాన్యువల్ చదివినవాళ్ళు సరిగ్గా పని చేస్తేనే నీకు జీతం అంటే ఎలా రాస్తావో ఒకసారి ఊహించుకో.

"తాతయ్యా, అది పల్లెటూరి తల్లుల సంగతి. నా మాన్యువళ్ళు చదివేది ఇంజినీర్లు" అంటావు. ఇంజినీర్ల సంగతీ చెప్తాను.

1983 జూలై 23న ఎయిర్ కెనడా వాళ్ళ బోయింగ్ 767 మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ బయల్దేరింది. ఇంధనం మీటర్లు పని చెయ్యడం లేదు, అందుకని ట్యాంకులో కొలపుల్ల పెట్టి చూసి లెక్క కట్టారు. ట్యాంకులో 7,682 లీటర్లు ఉంది. ప్రయాణానికి కావాల్సింది 22,300 కిలోలు. లీటర్లని కిలోల్లోకి మార్చాలి కదా, ఇంధనం తూకం లీటరుకి సుమారు 0.8 కిలో. వాళ్ళ చేతిలో ఉన్న కాయితం మీద మాత్రం 1.77 అని ఉంది. దాని పక్కన ఇంకేమీ లేదు. అది లీటరుకి ఎన్ని పౌండ్లో చెప్పే అంకె. పాత విమానాలన్నిటికీ లెక్క పౌండ్లలోనే కట్టేవాళ్ళు, కిలోల లెక్కతో వచ్చిన కొత్తరకం ఈ 767.

7,682ని 1.77తో గుణించారు, 13,597 వచ్చింది. గుణకారం తప్పు కాదు సుమా. దాన్ని కిలోలు అనుకుని 22,300 లోంచి తీసేసి, మళ్ళీ 1.77తో భాగించి, 4,917 లీటర్లు పోసుకుంటే చాలన్నారు. నిజానికి సుమారు 20,000 లీటర్లు పొయ్యాలి. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, పైలట్లతో సహా, ఆ లెక్కని చూశారు. 41,000 అడుగుల ఎత్తున ఉండగా ఇంధనం నిండుకోవడం మొదలైంది, ఒకదాని తర్వాత ఒకటి రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. పైలట్ బాబ్ పియర్సన్‌కి గ్లైడర్ నడిపిన అలవాటు ఉండబట్టి, గిమ్లీ అనే ఊళ్ళో మూతపడ్డ పాత వైమానిక స్థావరం రన్‌వే మీదకి దింపాడు. 69 మందీ బతికారు.

ఆ 1.77 పక్కన "లీటరుకి పౌండ్లు" అని రెండు మాటలు ఉంటే ఇదంతా ఉండేదా? మా తరానికి ఇది బాగా తెలుసు. 1956లో చట్టం వచ్చి 1958 నుంచి కిలోలు మొదలయ్యాక కూడా ఏళ్ళ తరబడి మా అమ్మ వీశెల్లో అడిగితే కోమటి కిలోల్లో తూచేవాడు. ఏ అంకె అయినా ఒంటరిగా నిలబడకూడదు. పట్టికలో పైన ఎక్కడో ఒకసారి రాశాను కదా అనుకోకు, చదివేవాడు పట్టిక మధ్యలోంచే చూస్తాడు.

కొలత పక్కన దాని పేరు రాసినంత మాత్రాన కూడా చాలదు. అది వాడేవాడి కొలత కావాలి. మన దగ్గర పురుగుమందు డబ్బా తీసి చూడు. ఒక మూల రంగు గుర్తు ఉంటుంది: ఎరుపు అంటే మహా విషం, పసుపు దాని తర్వాత, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ. ఆ పద్ధతి బాగానే పెట్టారు, చదువు రానివాడికి కూడా పనికొస్తుంది, ఆ రంగులకి అర్థం ఎవరైనా చెప్పి ఉంటే. లోపల మడతలు పెట్టిన కాయితం ఉంటుంది. భూతద్దం పెట్టి చూడాల్సిన అక్షరాలతో ఎన్నో భాషలు. మోతాదు హెక్టారుకి ఇంత అని ఉంటుంది. గుంటూరు జిల్లాలోనో వరంగల్ జిల్లాలోనో ఏ మిరప రైతు హెక్టార్లలో మాట్లాడతాడు? ఎకరం అంటాడు. మందు కొట్టేటప్పుడు అది కూడా కాదు, "ట్యాంకుకి ఎన్ని మూతలు?" అని షాపువాణ్ణి అడుగుతాడు.

హెక్టారుకి 500 మిల్లీలీటర్ల మందు, 500 లీటర్ల నీళ్ళు అని ఉందనుకో. హెక్టారంటే 2.47 ఎకరాలు. అంటే ఎకరానికి సుమారు 200 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్ళలో. వీపున తగిలించుకునే ట్యాంకు 16 లీటర్లదైతే ట్యాంకుకి 16 మిల్లీలీటర్లు, ఎకరానికి పన్నెండు పదమూడు ట్యాంకులు. ఈ లెక్క ఎవరు కట్టాలి? ఎండలో గట్టు మీద నిలబడ్డ రైతా, ఏసీ గదిలో కూచుని ఆ కాయితం రాసినవాడా? రైతు కట్టలేకపోతే షాపువాడి మాట వింటాడు. షాపువాడికి ఒక మూత ఎక్కువ అమ్ముడైతే నష్టమేమీ లేదు.

ఇంకో సంగతి, వరస. ఇంటర్‌లో ఆమ్లం పలచన చేసేటప్పుడు లెక్చరర్ ఏం చెప్పారో గుర్తుందా? గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నీళ్ళలో కొద్దికొద్దిగా పొయ్యాలి, నీళ్ళు తెచ్చి ఆమ్లంలో పొయ్యకూడదు. పోస్తే పుట్టే వేడికి పైన ఉన్న నీళ్ళు కుతకుతలాడి ఆమ్లం మొహం మీదకి చిమ్ముతుంది. ఈ హెచ్చరికని ఆరో మెట్టు రాసేశాక కింద గమనికలో పెట్టావనుకో, అది చదివేసరికి నీళ్ళు పోసేసి ఉంటారు. హెచ్చరిక ఎప్పుడూ పనికి ముందు రావాలి, ఒక మెట్టులో ఒకే పని ఉండాలి. చిన్న విషయాల్లాగే కనపడతాయి గానీ నేను చూసిన కాయితాల్లో సగం వీటి దగ్గరే తప్పుతాయి.

భాష గురించి ఎక్కువ చెప్పను, నువ్వే బాగా రాస్తావు. ఒక్కటే: "పరికరము శుభ్రపరచబడిన పిమ్మట ద్రావణము పోయబడవలెను" లాంటివి కనపడితే కొట్టెయ్. ఎవరు శుభ్రం చెయ్యాలి? ఎవరు పొయ్యాలి? "పరికరాన్ని కడగండి. ఆరాక ద్రావణం పొయ్యండి" అంటే ఎవరికి చెప్తున్నావో తెలుస్తుంది, మరచిపోయి వదిలేసిన మెట్టు కూడా బయటపడుతుంది. ఒక వస్తువుకి మొదట స్విచ్ అని పేరు పెడితే చివరిదాకా స్విచ్ అనే ఉంచు. మీట, బటన్, నాబ్ అని మార్చి మార్చి రాస్తే కవిత్వంలో అందం కావచ్చు, ఇక్కడ మాత్రం చదివేవాడు నాలుగు వస్తువులు వెతుక్కుంటాడు.

ఇప్పుడు నేను అడిగేది ఒకటే. నీ మొదటి మాన్యువల్ చిత్తుప్రతి పూర్తికాగానే ఆఫీసులో నీ పక్క సీటు వాళ్ళకి ఇవ్వకు, వాళ్ళకి ఆ యంత్రం ముందే తెలుసు. ఏమీ తెలియనివాణ్ణి ఒకణ్ణి పట్టుకో, కాయితం చేతికిచ్చి యంత్రం ముందు నిలబెట్టు. నువ్వు పక్కన కూచుని నోరు మెదపకు. వాడు ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ వెనక్కి తిరిగి చదువుతున్నాడో, ఎక్కడ నీ మొహం వంక చూస్తున్నాడో పెన్సిలుతో గుర్తు పెట్టుకో. సాయం చెయ్యాలని నాలిక దురద పెడుతుంది, పట్టుకో. రాత్రి ఇంటికెళ్ళాక ఆ గుర్తులు ఉన్నచోటల్లా తిరిగి రాసి, ఆదివారం నాకు పంపించు.