ఇంటి వేధశాల

తెలుగునాట సొంత వేధశాలను నెలకొల్పిన వారిలో గోడే వెంకట జగ్గారావు ప్రముఖులు. గ్రహ నక్షత్రాలను పరిశీలించే స్థలమే వేధశాల. ఆయన 1840లో విశాఖపట్నంలోని తన నివాస ప్రాంగణంలో దానిని నిర్మించారు. అనంతరం ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ బాధ్యతను స్వీకరించి, 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగిపోయిన అరుదైన దృశ్యాన్ని పరిశీలించారు. నేడు ఇంటి మిద్దెయే వేధశాల కాగలదు. అయితే దూరదర్శినిని సంపాదించడం ఒక ఎత్తు, దానిని సక్రమంగా అమర్చడం మరొక ఎత్తు.

భూమి తన చుట్టూ తాను పడమర నుంచి తూర్పునకు తిరుగుతున్నది. అందువల్ల నక్షత్రాలు గంటకు సుమారు 15 డిగ్రీల చొప్పున పడమరకు జరుగుతున్నట్లు కనిపిస్తాయి. దూరదర్శినిలో అర డిగ్రీ వెడల్పుగల ఆకాశభాగం కనిపిస్తున్నదనుకొందాం. దూరదర్శిని కదలకుండా ఉంటే, ఖగోళ మధ్యరేఖ సమీపంలోని తార రెండు నిమిషాలలోనే ఆ భాగాన్ని దాటిపోతుంది. తార నిలకడగా కనిపించాలంటే దూరదర్శిని భూభ్రమణానికి ఎదురు దిశలో, అదే వేగంతో తిరగాలి. అది తిరిగే అక్షం భూమి అక్షానికి సమాంతరంగా ఉండాలి. దీనినే ధ్రువాక్షం అంటారు. అమరిక అంతటికీ ఇదే మూలసూత్రం.

మొదట పీఠాన్ని అదురు లేని చోట నిలిపి, రసమట్టంతో సమతలం చేయాలి. పగలు కాగిన మిద్దె రాత్రి వేడిని విడుస్తుంది. ఆ వేడిగాలి వల్ల బింబం అలలాడుతుంది కనుక మిద్దె చల్లబడేవరకు ఆగడం మంచిది.

ప్రధాన దూరదర్శినికి తోడుగా ఒక చిన్న అన్వేషక దూరదర్శిని ఉంటుంది. పగటివేళ దూరపు గోపుర శిఖరాన్ని ప్రధాన దూరదర్శిని మధ్యకు తెచ్చి, అదే శిఖరం అన్వేషకంలోని అడ్డుగీతల కూడలిలో కనిపించేటట్లు మరలను సవరించాలి. తగిన వడపోత లేకుండా దూరదర్శినిని సూర్యుని వైపు ఎన్నడూ తిప్పరాదు. క్షణకాలంలో కంటిచూపు శాశ్వతంగా పోవచ్చు.

పిమ్మట ధ్రువాక్షాన్ని ఉత్తరానికి తిప్పి, ఆ ఊరి అక్షాంశమెంతో క్షితిజం నుంచి అంత కోణంలో ఎత్తాలి. విశాఖపట్నంలో అది సుమారు 17.7 డిగ్రీలు. ధ్రువతార కనిపిస్తే పని సులువే. కాని అది ఖగోళ ధ్రువానికి సరిగ్గా మీద లేదు. పూర్ణచంద్రుని వెడల్పుకంటె కొంచెం ఎక్కువ దూరంలో ఉన్నది. పైగా మన ప్రాంతంలో అది ఆకాశంలో తక్కువ ఎత్తున ఉండడంవల్ల చెట్లూ మేడలూ దానిని మరుగుపరుస్తాయి.

అట్టి చోట తార జారుడును గమనించడమే ఉపాయం. దక్షిణాన నడిమింట, ఖగోళ మధ్యరేఖ వద్ద ఉన్న తారను కొన్ని నిమిషాలు చూడాలి. అది దక్షిణానికి జారితే ధ్రువాక్షం తూర్పుకు, ఉత్తరానికి జారితే పడమరకు ఒరిగినదని అర్థం. తరువాత అదే రేఖ వద్ద తూర్పున తక్కువ ఎత్తులో ఉన్న తారను చూడాలి. అది దక్షిణానికి జారితే అక్షం ఎత్తు చాలలేదని, ఉత్తరానికి జారితే ఎక్కువైనదని గ్రహించాలి. జారుడు నిలిచేవరకు కొద్దికొద్దిగా సవరిస్తూ పోవాలి.

ఈ శ్రమకు ఫలం ఉన్నది. అమరిక కుదిరిన దూరదర్శినితో మసక నక్షత్ర సమూహాల ఛాయాచిత్రాలు తీయవచ్చు. వెలుగు మారే తారలను నెలల తరబడి కొలిచి, ఆ వివరాలను శాస్త్రజ్ఞులకు అందించవచ్చు. చలించే నేలపై నిలిచి చలించని చూపును సాధించడమే పరిశీలకుని తొలి విద్య.