వృద్ధుల సన్నిధిలో మాట నేర్పు

మాటలాడ నేర్చిన వారందరును సంభాషింప నేర్చిన వారు కారు. తరగతిలో పాఠమును తడబాటు లేక అప్పగించు బాలుడు, ఇంట తాతగారు రెండు ప్రశ్నలడిగినచో "ఊఁ" అనియో, "తెలియదు" అనియో తప్పించుకొని పోవుట మన బాబుపేటలోని తల్లిదండ్రు లెరుగని విషయము కాదు. బడిలో తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ వినుచు పెరుగు మన పిల్లలకు మాటలకు కొదువ లేదు. ఎదుటివారిని బట్టి మాటను మలచుకొను అలవాటే కొరతగా నున్నది. వృద్ధులకు సేవ చేయుటవలన ఆ అలవాటు చక్కగా అలవడునని మా నమ్మకము.

ఇది యెట్లన, వయస్సు మీరిన వారికి సాధారణముగా సన్నని ధ్వనులు ముందుగా వినబడక పోవును. కావున స, శ వంటి హల్లులు జారిపోయి, మాట వినబడియు అర్థము కాదు. కేకలు వేసినచో పదము మరింత చెడును. ముఖము వెలుతురులో కనబడునట్లు ఎదుట కూర్చుండి, నిదానముగా పలుకవలెను. అప్పటికిని తెలియనిచో ఆ విషయమునే వేరు మాటలతో చెప్పవలెను. అట్లు చెప్పవలెనన్న, చెప్పదలచినది మొదట తనకు స్పష్టముగా తెలియవలెను. వ్యాసమునకును, ఉపన్యాసమునకును ఇదియే పునాది.

వినుటయు నొక విద్యయే. వృద్ధులు మాటకై తడుముకొనునపుడు బాలుడు తొందరపడి పూరింపక వేచియుండవలెను. "బాగున్నారా?" అనిన ఒక్క మాటతో ముగియును. "మీ చిన్ననాడు సంత ఎట్లుండెడిది?" అనిన కథ మొదలగును. ఆ కథలో కుంచము, మానిక, సోల వంటి మాటలు దొర్లును.

మరియొక సూక్ష్మము గలదు. తెలుగున "మేము" వేరు, "మనము" వేరు. మరాఠీలోని "ఆమ్హీ", "ఆపణ్" అను మాటలకును ఇట్టి భేదమే కలదు. హిందీలోని "హమ్" రెండింటికిని చెల్లును. మంచముపై నున్న అవ్వతో "మేము తోటకు పోవుదుము" అనిన ఆమె వెలియగును. "మనము పోవుదము" అనిన ఆమెయు తోడగును. ఈ భేదము ఆమె ముఖము చూచి నేర్చిన బాలుడు మరువడు.

మన జిల్లాలోని వరోరా చెంత ఆనందవనము కలదు. బాబా ఆమ్టేగారు 1949లో స్థాపించిన మహారోగీ సేవా సమితి కుష్ఠురోగులకై నెలకొల్పిన ఈ ఆశ్రమమున వృద్ధులకును ఆశ్రయము లభించుచున్నది. అయినను సేవకై అంత దూరము పోనక్కరలేదు. మన వాడలోనే పలుకరించువారు లేని పెద్దలు కలరు.

ఐక్యరాజ్య సమితి 1990లో అక్టోబరు 1వ తేదీని వృద్ధుల దినముగా నిర్ణయించినది. ఆ యొక్క దినము పండ్లు పంచి, ఛాయాచిత్రము తీయించుకొని వచ్చుట చాలదు. ఒక బాలుడు ఒకే వృద్ధుని వద్దకు, వారి యనుమతితో, వారమున కొక గంట పోవలెను. పరిచయము పెరిగినకొలది మాట పెరుగును.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఆ యండతో బడిలో తెలుగు నిలువవచ్చును. ఇంటి అరుగుపై తెలుగును నిలుపుట మన చేతిలోనిదే. తాతతో మనుమడు మాటలాడనినాడు తెలుగు పరీక్షకు చదువు ఒక పాఠ్యాంశముగా మాత్రమే మిగులును. కావున ఈ గంటను చదువునకు నష్టముగా నెంచక, తల్లిదండ్రులు తమ బిడ్డలను పెద్దల చెంతకు పంప ప్రార్థించుచున్నాము.